గుప్పెడు కల్లుప్పు

డాల్డా డబ్బా అలా ఖాళీ అయిపోతుంటే జ్ఞానమ్మకి ప్రాణం ఉసూరుమంటోంది. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, దూదిముక్క కూడా దుబారా చెయ్యనిది. అలాంటిది కన్నకూతురు అరుగు మీద పిల్లల్ని చుట్టూ వేసుకు కూర్చుని, పాలిథిన్ కవర్లోకి గరిటెలతో డాల్డా కుక్కుతోంది.

“తిమింగలానికి చలేస్తే మనకేంటే సలోమీ?” అంది గుమ్మంలోంచి.

“చలెయ్యదనే చెబుతున్నానమ్మా,” అంది సలోమి తలెత్తకుండా.

డాల్డా నింపిన కవర్లోకి ఇంకో కవరు దూర్చి, రెండింటి అంచులూ కలిపి దారంతో బిగించింది. లోపలి కవర్లో చెయ్యి పెడితే చుట్టూ మందంగా కొవ్వు ఉంటుంది గానీ చేతికి జిడ్డంటదు. పక్కన బకెట్లో ఐసు నీళ్ళు. రాజోలు సెంటర్లో రొయ్యల కంపెనీ వాళ్ళనడిగి తెచ్చిన గడ్డ, దార్లోనే సగం కారిపోయింది.

అక్షయ ఒక చెయ్యి డాల్డా కవర్లో పెట్టి, రెండో చెయ్యి ఉత్తగానే ఉంచి, రెండూ ఒక్కసారే బకెట్లో ముంచింది. “అమ్మబాబోయ్!” అని ఉత్త చెయ్యి లాగేసుకుని గౌనుకి తుడుచుకుంది. కవర్లో చెయ్యి మాత్రం నీళ్ళలోనే హాయిగా ఉంది.

“రెండు చేతులకీ డాల్డా పెట్టచ్చు కదండీ, పాపం,” అన్నాడు హేమంత్.

“అప్పుడు తేడా ఎలా తెలుస్తుందిరా తింగరోడా? ఒకటి పెట్టీ, ఒకటి పెట్టకుండా చూస్తేనే ఏదైనా తెలిసేది. నేను చెప్పినా సరే, చూసుకునే నమ్మాలి.”

సలోమి ఇంట్లో బడంటే అదే. అరుగు వాసానికి పాలిథిన్ కవర్లతో చేసిన జెల్లీఫిష్‌లు వేలాడుతుంటాయి. కొబ్బరితాడు ఎనిమిది పాయలుగా విడదీసి, ముడి దగ్గర బొత్తాం కళ్ళు కుట్టిన ఆక్టోపస్‌ని చూసి పాలవాడు మొదట్లో జడుసుకున్నాడు కూడాను. పెరట్లో సిమెంటు తొట్టిలో సముద్రం నీళ్ళున్నాయి, దాన్లో గవ్వలు పాకుతుంటాయి. ఆ పేటలో పిల్లలకి సాయంత్రమైతే కాళ్ళు అటే లాగుతాయి.

డాల్డా చెయ్యి మార్చుకుంటూ అక్షయ మాటవరసకి అంది. “టీచరుగారండీ, మన తాబేళ్ళు అమలాపురం వెళ్తున్నాయండి.”

“ఏ తాబేళ్ళే?”

“స్కూల్లో బీరువాలోవండి. జిల్లా సైన్సు ఫేరుకంటండి. శ్రీదుర్గ చేసిందని అట్ట రాసేరండి. మీ పేరున్న అట్ట పీకేసేరండి.”

సలోమి చేతిలో గరిటె ఆగిపోయింది. జిడ్డు చేతుల్తోనే లేచి నిలబడింది. పిల్లల్ని పంపించిందో, వాళ్ళే వెళ్ళిపోయారో ఆమెకి గుర్తులేదు. ఆ బీరువాలో ఉన్నవి ఉత్త కొబ్బరిచిప్పలు కావు. ఆదివారం గుడి నుంచి వచ్చి రెండు మెతుకులు తిని, పిల్లల్ని వెంటేసుకుని అంతర్వేది బస్సెక్కి, ఇసకలో ఏరిన గవ్వలు అవి. గాజుపెంకుతో గీకి, నూనె రాసి నునుపు చేసిన చిప్పల తాబేళ్ళు అవి. ఏ గవ్వ ఏ జాతిదో పక్కన చీటీ రాసి అతికించినది ఆమె. ఆ చీటీలు ఉంచుకుని ఆమె పేరు పీకేశారు. ఒళ్ళు భగ్గున మండిపోయింది సలోమికి.

మర్నాడు స్కూలుకి వెళ్ళింది.

కరస్పాండెంటు బాపిరాజు గారు మర్యాద తప్పే మనిషి కాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. నోరు పారేసుకునేవాణ్ణయితే మనమూ నాలుగు దులిపి రావచ్చు. కుర్చీ చూపించి, కొబ్బరిబొండం కొట్టించి, గొంతు ఇసుమంతైనా పెంచకుండా పీక మీద కాలేసేవాణ్ణి ఏం చేస్తాం చెప్పండి?

“రండి రండి టీచరుగారూ. అమ్మగారు కులాసాయేనా అండీ?”

“ఆయ్, బానే ఉందండి. గవ్వల బీరువా సంగతి అడుగుదామని వచ్చేనండి.”

“అమలాపురం పంపిస్తున్నామండి. మీక్కూడా సంతోషమే కదండీ.”

“అది నేనూ పిల్లలూ చేసిందండి. మీ మనవరాలు చేసిందని ఎలా రాసేరండీ?”

బాపిరాజు గారు గ్లాస్కో పంచె అంచు సర్దుకుని, ఎంతో ఓపిగ్గా నవ్వారు. “మా పిల్లలే కదండీ. మా గదిలోనే కదండీ. మేమిచ్చిన జీతం పుచ్చుకుంటూనే కదండీ చేసేరు?”

“పోనీ పేరైనా ఉంచచ్చు కదండీ. అట్టముక్క మీద నా పేరుంటే మీకేం పోయిందండి?”

“మీ పేరు కనబడితే ఆ చేప గొడవ మళ్ళీ గుర్తొస్తాదండి జనానికి. ఎందుకండి పాత గొడవలు? బొండం తాగండి.”

ఆ చేప గొడవా ఇంతే. దసరాకి ముందు సలోమి క్లాసుకి ఓ టేకు చేప పట్టుకెళ్ళింది. పలక మాదిరిగా చదునుగా ఉండే ఆ చేపకి మొప్పలు కిందవైపు ఎందుకున్నాయో చూపిద్దామని బల్ల మీద వెల్లకిలా తిప్పి కోసింది. బల్ల మీద నీచు కోసిందని ఇద్దరు ముగ్గురు తల్లులు గొణిగారు. చేప లేనిదే ముద్ద దిగని బాపిరాజు గారు సలోమిని పిలిపించి, “మనది స్కూలండి, చేపల మార్కెట్టు కాదు కదండీ,” అని, ఆ నెల జీతం కవర్లో పెట్టి, రెండు చేతులా నమస్కారం పెట్టి మరీ పంపించేశారు.

బొండం ముట్టుకోకుండా సలోమి లేచి వచ్చేసింది. వరండాలో ఆయా బీరువా అద్దం తుడుస్తోంది. అద్దం లోపల కొత్త అట్ట మీద బంగారు రంగు అక్షరాలు: ‘సముద్ర ప్రపంచం. కుమారి శ్రీదుర్గ, ఏడవ తరగతి.’ పక్కన స్టూలు మీద కొత్త గాజుతొట్టి ఒకటి పెట్టారు. మనవరాలి ముచ్చట తీర్చడానికి తాతగారు కాకినాడ నుంచి తెప్పించింది. పల్లిపాలెం నుంచి డబ్బాలతో సముద్రం నీళ్ళు మోయించారు. దాని అడుగున ఇసకలో, ఖాళీ శంఖుల్లో దూరి కాపురం చేసే చిన్నచిన్న పీతలు, శంఖుల్ని వీపుమీద ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి. జడ్జీల కళ్ళు ముందు పడేది వాటి మీదేనని సలోమికి చూడగానే తెలిసిపోయింది.

ఇంటికొచ్చే దారిపొడుగునా ఒకటే అనుకుంది. ఆయన నలుగురిలో తలదించుకోవాలి. అది తన కళ్ళారా చూడాలి. తర్వాత ఏమైపోయినా పర్వాలేదు.

శ్రీదుర్గ వచ్చింది ఆ సాయంత్రమే. వీధి గుమ్మంలోంచి కాదు, కాలవగట్టు మీంచి పెరటి తలుపులోంచి. సైకిలు అరటిచెట్ల వెనక పడేసి వచ్చింది. అయిదో తరగతిలో సలోమి దగ్గర చదివిన పిల్ల, తాబేలు చిప్పకి నూనె రాస్తూ చేతులు ఎర్రగా కందించుకున్న పిల్ల. సలోమి పెరటి అరుగు మీద కొత్త ఆక్టోపస్‌కి తాడు పాయలు విప్పుతోంది.

“తాతయ్యకి చెప్పకండేం టీచరుగారండీ.”

“ఏంటమ్మా?”

“తొట్టిలో నీళ్ళు తగ్గిపోతున్నాయండి. ఎండ తగులుతోందనుకుంటానండి. గాజుకి తెల్లగా పొక్కు కడతందండి. తగ్గిన చోట ఏం నీళ్ళు పొయ్యాలండి? కొత్త మేస్టారు పుస్తకంలో లేదన్నారండి.”

ఇది సలోమిని నిద్రలో లేపి అడిగినా చెప్పే సంగతి. ఆవిరైపోయేది నీరే. ఉప్పు ఎక్కడికీ పోదు, తొట్టిలోనే ఉండిపోతుంది. అంచేత తగ్గిన మేరకి మంచినీళ్ళే పొయ్యాలి. ఉప్పునీళ్ళు పోస్తే నానాటికీ ఉప్పు పెరిగిపోయి, ఆ పీతలు ఉక్కిరిబిక్కిరై శంఖుల్లోంచి బయటికొచ్చి చచ్చిపోతాయి. సలోమి పెరటి తొట్టిలో రోజూ పోసేది నూతినీళ్ళే.

తాడు పాయ ఒకటి వేలికి చుట్టుకుని లాగింది. పిల్ల కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి.

“సముద్రం ప్రాణులు కదమ్మా అవి,” అంది సలోమి. “ఉప్పు లేనిదే బతకవు. రోజూ పొద్దున్నే గుప్పెడు కల్లుప్పు నీళ్ళలో కలిపి, తగ్గినంత మేరా ఆ నీళ్ళే పొయ్యి.”

“మంచినీళ్ళు పొయ్యకూడదాండి?”

“పోస్తే చస్తాయి.”

“అమ్మో! మంచిపనైంది, మిమ్మల్ని అడిగేను,” అని పిల్ల గుండెల మీద చెయ్యేసుకుని, “వస్తానండి,” అంటూ సైకిలు దగ్గరికి పరిగెత్తింది.

సలోమి విప్పిన పాయల్నే మళ్ళీ పేనింది. పాఠం తెలియకపోతే తెలియదని చెప్పింది గానీ, తెలిసి తెలిసి ఒక పిల్లకి తప్పు చెప్పడం ఆమె బతుకులో ఇదే మొదలు. కానీ ఆ జంకు ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే ఏదో తియ్యగా, చల్లగా గొంతులోకి దిగింది. అమలాపురంలో, ఆఫీసర్ల ముందు, ఆ గాజుతొట్టిలోంచి కుళ్ళు కంపు లేస్తుంటే బాపిరాజు గారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకోవడం ఆమెకి కళ్ళకి కట్టింది.

“ఏంటే ఆ పిల్లకి ఉప్పంటావు?” వంటింట్లోంచి వచ్చి నిలబడింది జ్ఞానమ్మ. “నువ్వు పోసేది నూతినీళ్ళే కదా?”

“నువ్వూరుకో అమ్మా.”

“ఆ పసిదేం చేసిందే నిన్ను?”

“పసిదేం చెయ్యలేదు. వాళ్ళ తాతగారు చేసేరు.”

“అయితే ఉప్పు తీసుకెళ్ళి ఆ తాతగారి కంచంలో పొయ్యి,” అనేసి జ్ఞానమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజుల్లో సలోమి పిల్లల మీద అయినదానికీ కానిదానికీ విసుక్కుంది. బెలూన్లో గాలి నింపి వదిలేసి, స్క్విడ్ నీళ్ళు చిమ్ముకుంటూ వెనక్కి ఎలా దూసుకుపోతుందో చూపిస్తుంటే, ఆ బెలూను వెళ్ళి జ్ఞానమ్మ కూరలో పడి అందరూ విరగబడి నవ్వారు. సలోమి నవ్వలేదు. చేపకి సిరా పూసి పాత క్యాలెండరు వెనక అచ్చు వేయిస్తున్నప్పుడు హేమంత్ రెక్కల దగ్గర అలికేశాడని వీపు మీద ఒక్కటిచ్చింది. వాడు ఏడవలేదు, వింతగా చూశాడు. ఆమె ఎప్పుడూ ఎవరినీ కొట్టలేదు మరి.

ఒంటరిగా ఉన్నప్పుడల్లా మనసు ఆ తొట్టి దగ్గరికే పోయేది. ఈపాటికి ఉప్పు ఎంత చిక్కబడి ఉంటుందో, ఏ పీత ముందు శంఖు వదిలేస్తుందో అని లెక్కలు. శంఖు వదిలిన పీతని ఆమె చూసింది. కవచం లేని ఆ వెనకభాగం పాలిపోయి, మెత్తగా, ముడుచుకుని ఉంటుంది. దాచుకోడానికి దానికి చోటే ఉండదు. అది గుర్తొచ్చి అన్నం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది ఓ మధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నమే గొడుగు పట్టుకుని బయల్దేరింది. శ్రీదుర్గని పిలిచి, పొరపాటున చెప్పానమ్మా, మంచినీళ్ళే పొయ్యి అని ఒక్క మాట అనేసి వచ్చేద్దామనుకుంది. కాలవ లాకుల దాకా వెళ్ళింది కూడా. అక్కడ వంతెన మీద ఎదురుగా స్కూలు వ్యాను వచ్చింది. వెనక డోరు తీసి, తాడేసి కట్టి ఉంది గవ్వల బీరువా. అద్దంలోంచి తాబేళ్ళు కనబడుతున్నాయి. ముందు సీట్లోంచి బాపిరాజు గారు తల బయటికి పెట్టి, డ్రైవర్ని ఆపమని, రెండు చేతులూ జోడించారు.

“ముందుగా వెళ్ళి సర్దించేద్దామనండి. రేపు మీరు తప్పకుండా రావాలండి టీచరుగారూ. మీ ఆశీస్సులుండాలి పిల్లకి.”

“ఆయ్, వస్తానండి,” అంది సలోమి.

వ్యాను లేపిన దుమ్ము గొడుగు మీద వాలింది. సలోమి వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసి, ఇస్త్రీ చేసిన చీర ఒకటి మర్నాటికి తీసి పెట్టుకుంది.

అమలాపురంలో హైస్కూలు ఆవరణంతా షామియానాలు వేశారు. ఒక బల్ల మీద సోడా పొంగే అగ్నిపర్వతం, ఇంకో బల్ల మీద బల్బు వెలిగే ఆనకట్ట, ఎటు చూసినా థర్మోకోల్ ముక్కలూ స్కెచ్ పెన్నుల రంగులూ. సలోమి అక్షయనీ హేమంత్‌నీ చెరో చేత్తో పట్టుకుని, దేన్నీ ఆగి చూడకుండా నడిచింది. ముక్కు ముందే కంపు కోసం వెతుకుతోంది.

కంపు లేదు.

తొట్టి నిండా నీళ్ళు తేటగా ఉన్నాయి. పీతలు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. ఒకటి బొమ్మ పడవ ఎక్కి దిగుతోంది, ఇంకో రెండు కొబ్బరిముక్క కోసం కీచులాడుకుంటున్నాయి. చుట్టూ పిల్లలు మూగి అరుస్తున్నారు. బాపిరాజు గారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని వచ్చినవాళ్ళకల్లా నవ్వులు పంచుతున్నారు.

సలోమి ఒక్కో పీతనీ మళ్ళీ చూసింది. అయితే పిల్ల ఉప్పు పొయ్యలేదన్న మాట. ఎవరు చెప్పారు? తన మాట కాదని ఇంకెవరినో అడిగిందా?

అప్పుడు చూసింది పక్కనున్న చిన్న బల్ల. దాని మీద రెండు హార్లిక్స్ సీసాలు. ఒక సీసాలో శంఖు ఈడ్చుకుంటూ ఓ పీత. రెండో సీసాలో నీళ్ళూ, అడుగున ఉత్త శంఖూ. రెండింటిలోనూ కూల్‌డ్రింక్ స్ట్రా ముక్కలు, కొసలకి బంకమన్ను ఉండలు పెట్టి గీతలు గీసినవి, నిట్టనిలువుగా తేలుతున్నాయి. ఉత్త శంఖున్న సీసాలో స్ట్రా బాగా పైకి లేచి ఉంది. వాటి వెనక డ్రాయింగు అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, పిల్లచేతి గుండ్రటి అక్షరాలు:

‘సలోమి టీచరు గారు చెప్పినది: నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు పోయాలి. మేము చూసినది: పోయకూడదు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఉండిపోతుంది. మంచినీళ్ళే పోయాలి.’

సలోమి ఆ అట్టని రెండుసార్లు చదివింది. ఏ బల్ల మీద కనబడాలని అంత ఏడ్చిందో ఆ బల్ల మీదే ఉంది ఆమె పేరు, ఎర్రగా, దూరానికి కూడా ఆనేటట్టు. దాని పక్కన ఆమె చెప్పిన అబద్ధం ఉంది. తాతగారు ఆ అట్ట చదివినట్టు లేదు. కింద వరసలో ఉన్న పిల్లల రాతలు వంగి చదివే అలవాటు ఆయనకి లేదు.

ఇంతలో జడ్జీలు వచ్చారు. ముందున్నావిడ ప్రశాంతి గారు, కాకినాడలో కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పే లెక్చరరు. తాబేళ్ళ మీద చూపు అలా తిప్పి, సీసాల దగ్గర ఆగిపోయారు. కళ్ళజోడు సర్దుకుని అట్ట చదివారు.

“ఇది నువ్వే చేశావా?”

“ఆయ్ అండి. ఒక సీసాలో టీచరుగారు చెప్పినట్టు ఉప్పునీళ్ళు పోసేనండి. ఒక దాన్లో నూతినీళ్ళు పోసేనండి. ఉప్పు పెరిగితే స్ట్రా పైకి లేస్తాదండి. ఇది రోజూ లేచిందండి. తర్వాత పీత బయటికొచ్చేసిందండి.” శ్రీదుర్గ గొంతు కొంచెం తగ్గింది. “అది చచ్చిపోయిందండి. పెద్దతొట్టిలో మంచినీళ్ళే పోసేనండి.”

“టీచరు చెప్పింది నువ్వెందుకు పరీక్షించావు?”

“నేను చెప్పినా చూసుకునే నమ్మాలని టీచరుగారే చెప్పేరండి.”

“పేరు కూడా రాశావే!”

“ఎవరు చెప్పిన మాటైతే వాళ్ళ పేరు రాయాలన్నారండి. అది కూడా టీచరుగారే.”

“ఎవరమ్మా ఈ సలోమి టీచరు?”

శ్రీదుర్గ మొహం ఇంత చేసుకుని వేలెత్తి చూపించింది. అందరూ తిరిగి చూశారు. బాపిరాజు గారు కుర్చీలోంచి లేచి, అప్పుడు వంగి ఆ అట్ట చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ప్రశాంతి గారు సలోమి చేతులు పట్టుకున్నారు. “ఎంత మంచి పని చేశారండీ! పిల్ల నమ్మేస్తుందో, పరీక్షిస్తుందో చూద్దామని కావాలనే తప్పు చెప్పారు కదూ? ఇంత ఫేరులో అసలు సిసలు ప్రయోగం ఇదొక్కటేనండి. ధైర్యముండాలి, తన పేరు మీద తప్పు రాయించుకోడానికి.”

సలోమి నోరు తెరిచింది. ప్రశాంతి గారి భుజం మీంచి బాపిరాజు గారి మొహం కనబడుతోంది.

“ఆయ్,” అంది. “అవునండి.”

“మా టీచరేనండి!” బాపిరాజు గారు గబగబా ముందుకొచ్చారు. “మా స్కూలు పద్ధతే అదండి.”

“ఇప్పుడు కాదు కదండీ,” అంది సలోమి, ఆయనకన్నా మెత్తగా. “దసరా ముందు మీరు తీసేసేరు కదండీ నన్ను.”

“తీసేశారా?” ప్రశాంతి గారు చటుక్కున వెనక్కి తిరిగారు. “ఈవిడనా? ఎందుకూ?”

“పిల్లలకి చేప మొప్పలు చూపించేనండి. స్కూలు చేపల మార్కెట్టు కాదన్నారండి.” సలోమి బీరువా వైపు తలూపింది. “ఈ తాబేళ్ళు కూడా మేం చేసినవేనండి. రాజుగారు నా పేరు తీయించేసేరు. బీరువా వారిది కదండీ మరి.”

ఎవరో కిసుక్కుమన్నారు. పక్క స్కూలు మేష్టర్లు మూతులు బిగించుకున్నారు. జిల్లా ఆఫీసులోంచి వచ్చినాయన “ఏంటండీ రాజుగారూ ఇది?” అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ఆయన్ని అలా అడిగి ఉండరు. బాపిరాజు గారు తలదించుకున్నారు. మనవరాలి చేతిలోని స్కెచ్ పెన్ను తీసుకుని, బంగారు అక్షరాల అట్ట కింద, బీరువా అద్దం మీద వంగి, స్వహస్తాలతో ‘శ్రీమతి’ అని మొదలెట్టబోయి, ఆగి, ‘కుమారి సలోమి గారి ఆధ్వర్యంలో’ అని రాశారు. రాసి, “సోమవారం నించి వచ్చెయ్యండి టీచరుగారూ,” అన్నారు.

“ఆలోచించుకుని చెబుతానండి,” అంది సలోమి.

ఎంత బాగుందో ఆ మాట అనడం! పల్లెత్తు మాట తూలకుండా, నలుగురి ముందూ, ఆయన మర్యాద ఆయనకే వడ్డించింది. ఫస్టు ప్రైజు శ్రీదుర్గకే అని మైకులో చెప్పినప్పుడు సలోమి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. అక్షయా హేమంతూ ఎగిరి గంతులేశారు. వాళ్ళిద్దరికీ ఐస్‌క్రీము కొనిపెట్టి, తనూ ఒకటి తింది. ఇన్నాళ్ళూ ముద్ద గొంతు దిగని మనిషికి అది అమృతంలా దిగింది.

ఎండ వాలాక షామియానాలు విప్పుతున్నారు. బాపిరాజు గారు వ్యాను చూడ్డానికి వెళ్ళారు. శ్రీదుర్గ నేల మీద గొంతుక్కూర్చుని సీసాలని పాత పేపర్లలో చుడుతోంది. ప్రైజు కప్పు ఆమె పక్కన మట్టిలోనే ఉంది. సలోమి వెళ్ళి ఆ పక్కనే కూర్చుని, పేపరు మడత పెట్టి అందించింది.

“టీచరుగారండీ,” అంది పిల్ల, చుట్టడం ఆపకుండా. “అది చచ్చిపోయిన రోజు బాగా ఏడుపొచ్చిందండి. పీత కోసం కాదండి. అంటే, దానికోసం కూడానండి. మీకు తెలీకపోవడమేంటని. అన్నీ తెలుసు కదండీ మీకు. అట్ట మీద మీ పేరు రాయడానికి చెయ్యి రాలేదండి. మీకు కోపమొస్తాదని భయమేసింది.” తలెత్తి నవ్వింది. “కావాలనే చెప్పేరంట కదండీ. హమ్మయ్య అనిపించిందండి నాకు. ప్రైజు కన్నా అదే బాగుందండి.”

సలోమి చేతిలో పేపరు నలిగింది. ఊరుకుంటే సరిపోతుంది. అవునమ్మా అంటే సరిపోతుంది. ఇందాక అంతమంది ముందు అన్నమాటే ఇంకొక్కసారి అంటే ఈ పిల్ల జీవితాంతం ఆ మాట తలుచుకుని మురిసిపోతుంది. పిల్ల కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి, ఆ రోజు పెరట్లో ఉన్నట్టే.

“నిన్ను పరీక్షించడానికి కాదమ్మా,” అంది సలోమి.

“మరెందుకండి?”

“మీ తాతగారి మీద కోపం. నీ పీతలు చచ్చిపోవాలనే చెప్పేను. అందరూ ఆయన్ని చూసి నవ్వాలని.”

శ్రీదుర్గ సీసాకి చుట్టిన పేపరు ఊడిపోతే మళ్ళీ చుట్టింది. దారం వేసి ముడేసింది, ముడి మీద ముడి వేసింది. అప్పుడు అడిగింది.

“సముద్రగుర్రాల్లో మగదే పిల్లల్ని కంటదని చెప్పేరు కదండీ. అయిదో తరగతిలో.”

“ఆఁ.”

“అదీ అంతేనాండి?”

“కాదమ్మా! అది నిజం. అది నిజంగా నిజం.”

“మరి తిమింగలం చేప కాదన్నారు. పాలిస్తదన్నారు.”

“అదీ నిజమేనమ్మా. అవన్నీ నిజమే. ఆ ఒక్కటే...”

“ఆయ్ అండి,” అంది పిల్ల. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పెద్దవాళ్ళకి జవాబు చెప్పినట్టు చెప్పింది.

బయట వ్యాను హారను మోగింది. శ్రీదుర్గ సీసాల సంచి భుజానికి తగిలించుకుని, గాజుతొట్టి ఎత్తడానికి వంగింది. నీళ్ళతో బరువుగా ఉంది అది. సలోమి రెండో పక్క పట్టుకోబోయింది.

“వద్దండి, నేను తీసుకెళ్తానండి,” అంది శ్రీదుర్గ. తొట్టిని గుండెలకి ఆనించుకుని, నీళ్ళు గౌను మీద ఒలుకుతున్నా ఆగకుండా, వ్యాను వైపు నడిచి వెళ్ళిపోయింది.